ఎడమ చుట్టు

మా మామయ్య మీద పగ తీర్చుకోవడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అందులో పగ కోసం నేను పనిచేసింది ఒక్క అంట్ల కాలమే. మిగతాదంతా చెట్టు చూసుకుంది.

వానలు వెనకబట్టి ఎండ ఇంకా ముదరని ఆ కొద్ది వారాలనే మా ఇంట్లో అంట్ల కాలం అనేవాళ్ళం. నారింజ మొక్కల నర్సరీ మామయ్యది. ఆయన మా అమ్మకి అన్నయ్య. చెయ్యి మాత్రం మా నాన్నది. కొనడానికి వచ్చినవాళ్ళు మామయ్యతో నవ్వుతూ బేరమాడి, చివర్లో షెడ్డులోకి తొంగిచూసి, "కట్టింది ఎడమచేతాయనేనా?" అని అడిగిగానీ మొక్క ఎత్తేవాళ్ళు కాదు. మామయ్యకి ఆ ప్రశ్న ఏనాడూ నచ్చలేదు. మొహం మీద నవ్వు అలాగే ఉండేది గానీ కళ్ళు మాత్రం కాసేపు ఎటో వెళ్ళొచ్చేవి.

పని తెలియనివాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. అడవి నారింజకి వేరు గట్టిది, కాయ మాత్రం నోట్లో పెట్టలేనంత పులుపు. తియ్య నారింజకి కాయ మంచిది, వేరు నీరసం. అందుకని అడవిదాని మొక్కని మొదలు దగ్గర కోసి, దానికి తియ్యదాని రెమ్మ ఆనించి, పురికొసతో బిగించి చుడతాం, అంటు కట్టడమంటే ఇదే. రెండూ అతుక్కుంటే ఒక్క చెట్టవుతుంది. ఏ రెమ్మ కట్టామన్నది కాపు వచ్చేదాకా, అంటే నాలుగేళ్ళ దాకా, కొన్నవాడికి తెలిసే దారి లేదు. ఆకు ఒకటే, పువ్వు ఒకటే, కాయ రంగు కూడా ఒకటే. తెలిసేది నాలుకకే.

కానీ కట్టింది ఎవరో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. పురికొస విప్పాక బెరడు మీద మెలిక గీతలు మిగులుతాయి. చెట్టు పెరిగినా అవి పోవు, చెట్టుతోపాటే సాగుతాయి. అందరూ కుడిచేత్తో కుడివైపుకి చుడతారు. మా నాన్న ఎడమచేత్తో ఎడమవైపుకి చుడతాడు. నేను అన్నం కుడిచేత్తోనే తింటాను గానీ, చిన్నప్పటినుంచీ ఆయన పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నదాన్ని కాబట్టి కత్తీ కొసా ఎడమచేతికే అలవాటయ్యాయి. చుట్టుపక్కల ఎడమ చుట్టు చుట్టేవాళ్ళం మేమిద్దరమే. ఈ తేడా కట్టేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ పట్టదు.

పగ మొదలైన ఏడు ఎండాకాలంలో గొడుగాయన కొత్త తోట మొదటి కాపుకొచ్చింది. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు లేకుండా గడప దాటని పెద్దమనిషి ఆయన. మా దగ్గర కొనేవాళ్ళందరిలోకీ పెద్ద తోట ఆయనదే. ఆ తోటంతా పులుపు. నర్సరీకి వచ్చి, సంచీడు కాయలు షెడ్డు నేల మీద గుమ్మరించాడు. పనివాళ్ళందరూ చేతిలో పని ఆపి చూస్తున్నారు. మామయ్య ఒక కాయ కోసి, నాలిక్కి తగిలించి, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"మా బావకి చూపు ఆనడం లేదండీ. ఏ రెమ్మ ఏదో తెలియలేదు పాపం. నేను కనిపెట్టుకుని ఉండాల్సింది. తప్పు నాదే" అన్నాడు, ఎంతో జాలిగా.

ఆ జాలి ఉందే, అది తిట్టుకన్నా ఘోరం. తిడితే తిరిగి తిట్టొచ్చు. నాన్న కూర్చున్న చోటునుంచి లేచాడు. కత్తి తుడిచి తోలు ఒరలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

వారం తిరిగాక నేను గొడుగాయన తోటకి వెళ్ళాను. చాలావరకు నరికించేశాడు. గట్టు వెంట ఒక వరస మాత్రం నీడకని ఉంచుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క మాను మొదలూ తడిమి చూశాను. అన్నీ కుడి చుట్టు. ఒక్కటంటే ఒక్కటి కూడా నాన్న చేతిది కాదు. నాలుగేళ్ళ కిందట నాన్న జ్వరంతో మంచం పట్టినప్పుడు మామయ్య కూలికి పిలిపించి కట్టించినవి అవి. తియ్య రెమ్మలు చాలక, నర్సరీ కంచె వెంట పెంచిన అడవి నారింజ రెమ్మలు కోయించి ఉంటాడు. అంతకంటే వేరే దారి లేదు.

ఇంటికి వచ్చి చెప్తే నాన్న తల ఎత్తకుండానే "తెలుసు" అన్నాడు.

"తెలిసి నోరు మూసుకుని వచ్చావా? గొడుగాయనని తీసుకెళ్ళి ఆ చెట్లు చూపించు. నేను చూపిస్తాను పద."

"చూపిస్తే మీ అమ్మకి అన్నయ్య ఉండడు."

"ఉండకపోతే ఏం?"

"నీకు తెలియదు. వాళ్ళ అమ్మానాన్నా పోయాక మీ అమ్మకి పుట్టిల్లంటే వాడే. నీ నోటితో ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వు."

ఇవ్వకపోతే ఆయన అన్నం ముట్టేలా లేడు. ఇచ్చాను. నా నోటితో చెప్పనన్నాను. ఆ మాటని ఆ తర్వాత నేను ఏ రోజూ తప్పలేదు.

నన్ను అసలు కాల్చేసింది మామయ్య కూడా కాదు, అమ్మ. అమ్మ నమ్మేసింది. భోజనాల దగ్గర నాన్న పళ్ళెంలో కూర వడ్డించి, "ఇది వంకాయ" అని చెప్పేది, గుడ్డివాడికి చెప్పినట్టు. నాన్న "ఊఁ" అనేవాడు. సూదిలో దారం కళ్ళజోడు లేకుండా ఎక్కించే మనిషి.

అంట్ల కాలం మొదలయ్యాక ఒక సాయంత్రం మామయ్య మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అమ్మ పక్కన గడప మీదే చతికిలబడ్డాడు. తప్పు చేసిన ప్రతిసారీ ఆయన నేల మీదే కూర్చుంటాడు.

"ఏమే కోడలా, మామయ్యకి కాఫీ లేదా? లేకపోతే నువ్వు కూడా మీ నాన్నలా అలిగావా?" అని నా జడ లాగాడు. అమ్మ వైపు తిరిగి, "చెల్లీ, నా గతి చూశావా. పది కట్టిస్తే ఎనిమిది ఎండిపోతున్నాయి. వచ్చినవాళ్ళకి కత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలియదు. బావకి కోపం ఇంకా తగ్గలేదా?" అన్నాడు.

"ఆయనకి కోపమెక్కడిది అన్నయ్యా, సిగ్గు గానీ. నలుగురిలో అలా జరిగాక తలెత్తుకుని ఎలా వస్తారు?"

నాన్న పెరట్లో ఉన్నాడు. వినపడనంత దూరంలో ఏమీ లేడు.

"నేను వస్తాను మామయ్యా" అన్నాను.

అమ్మ మొహం వెలిగిపోయింది. మామయ్య నా తల నిమిరి, చిన్నప్పుడు నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని నర్సరీ అంతా తిప్పేవాణ్ణని గుర్తుచేశాడు. నిజమే, తిప్పేవాడు. ఆ భుజాలే నాకప్పుడు ఎక్కడ లేని మంట పుట్టించాయి. ఆ క్షణానికి నా ఆలోచన చాలా తేలిక. షెడ్డులోకి వెళ్ళాలి, ఆ కాలమంతా అడవి రెమ్మలే కట్టాలి. నాలుగేళ్ళకి ఆ నర్సరీ మొక్క నాటిన ప్రతి తోటా పులుపే కాయాలి, మామయ్య తన నర్సరీ బోర్డు పీకి పొయ్యిలో పెట్టుకునే రోజు రావాలి.

పెరట్లోకి వెళ్ళి నాన్నని కత్తి అడిగాను.

"ఏం కడతావు?"

"నువ్వు కట్టేదే."

కాసేపు నా మొహంలోకి చూశాడు. ఆ కత్తి పిడి ఆయన పట్టుకి అరిగి, ఎడమ అరచేతికి తప్ప ఇంక దేనికీ ఇమడదు. ఒరతో సహా నా చేతిలో పెట్టి, "విసురుగా కోయకు. కోత సమంగా రాదు" అన్నాడు.

మొదటి రోజే కంచె దగ్గరికి వెళ్ళి ఒక కట్ట అడవి రెమ్మలు కోసి, ఆకులు దూసి, తడి గోనెలో చుట్టి నా పీట పక్కన పెట్టుకున్నాను. దాని పక్కనే తల్లి చెట్టు నుంచి తెచ్చిన తియ్య రెమ్మల కట్ట. రెండు గోనెలూ చూడ్డానికి కవల పిల్లల్లా ఉన్నాయి. కానీ ఆ రోజు చెయ్యి తియ్యవాటి మీదకే వెళ్ళింది. ముందు నా అంట్లు బతకాలి, మామయ్యకి నమ్మకం కుదరాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కట్టినవి కట్టినట్టే చిగురు వేశాయి. మామయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కొనడానికి వచ్చినవాళ్ళని చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకొచ్చి, "మా మేనకోడలు. చెయ్యి చూడండి, ఎలా ఆడుతుందో!" అని చూపించేవాడు, నేనేదో ఆయన కొత్తగా కొన్న యంత్రాన్నయినట్టు.

కొన్నాళ్ళకి తల్లి చెట్టు మీద కోయదగ్గ రెమ్మలు అయిపోయాయి. అది ప్రతి ఏడూ జరిగేదే. అలాంటప్పుడు నాన్న పని ఆపేసి, చెట్టు మళ్ళీ చిగురు వేసేదాకా ఆగేవాడు. నేనూ ఆపేశాను. మామయ్య ఖాళీ గోనె దులిపి చూసి, నా పీట ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆయన నేల మీద కూర్చోగానే నాకు ఒళ్ళంతా చెవులయ్యాయి.

"అమ్మడూ, కంచె వెంట ఉన్నవి కూడా నారింజలేగా?" అన్నాడు.

"అవి అడవివి మామయ్యా."

"నాకు తెలియదా? నీ వయసులో నేనూ కట్టినవాణ్ణే. ఇప్పుడు కావలసింది ఏమిటి, లారీ వచ్చేసరికి మొక్కలు ఉండటం. నాలుగేళ్ళ తర్వాత సంగతి నాలుగేళ్ళ తర్వాత చూసుకుందాం. అప్పటికి ఎవరు ఉంటారో, ఎవరు అమ్ముకుని పోతారో! ఒకవేళ ఎవడైనా వచ్చి అడిగినా, చేతి పొరపాటు ఎవరికి రాదు?"

చేతి పొరపాటు. నవ్వుతూనే అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, నాన్నకి చేసింది ఆయనకి గుర్తు కూడా లేదనిపించింది. ఈసారి ఆ పొరపాటు నా చెయ్యి చేస్తుంది, అంతే. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, పాపం చిన్నపిల్ల అంటాడు.

నా కాలి దగ్గరున్న రెండో గోనె వైపు చూశాను. నేను ఆయన్ని నాశనం చెయ్యడానికి దాచుకున్న కట్టా, ఆయన నన్ను బతిమాలుతున్న కట్టా ఒకటే. నా పగ తీసుకెళ్ళి ఆయన చేతికి కూలి లేకుండా అందించబోయాను.

అదే సమయానికి షెడ్డు బయట ఒక జంట వచ్చి నిలబడ్డారు. కొత్తగా పొలం కొన్నవాళ్ళు. ఆవిడ చంకలో పాప. ముందు రోజు మొక్కలు చూసుకుని వెళ్ళారు, ఇవాళ బండి తెచ్చుకున్నారు. ఆవిడ నన్నే అడిగింది.

"ఎన్నాళ్ళకి కాస్తాయమ్మా?"

"నాలుగేళ్ళు పడుతుంది."

"అయితే దీనికి బడికెళ్ళే వయసొస్తుంది" అని పాప బుగ్గ గిల్లి, "మొదటి కాయ నువ్వే కొయ్యాలమ్మా!" అంది. పాప నా పురికొస ఉండ అందుకుని నోట్లో పెట్టుకోబోయింది.

పులుపు ఎవరి నోట్లో పడుతుందో అప్పుడు కళ్ళకి కట్టింది. మామయ్య నోట్లో కాదు. ఆయన ఇక్కడే కూర్చుని జాలిపడుతూ ఉంటాడు. నాకు మనసు కరిగిందని మీరు అనుకుంటే పొరపాటు. నా పగ ఇంకా చిక్కబడింది. అది ఇంకెవరి మీదో పడి వృథా అయిపోతుందే అని భయం వేసింది.

"కంచె రెమ్మ నేను కట్టను మామయ్యా. చెట్టు చిగురు వేసేదాకా లారీని ఆగమను. నీకంత తొందరైతే ఆ ఎండబెట్టేవాళ్ళని మళ్ళీ పిలిపించుకో" అన్నాను, ఆ జంట వినేలా.

మామయ్య గుర్రుగా చూశాడు, తర్వాత ఫక్కున నవ్వాడు. "అచ్చం మీ నాన్నే. ఆ మొండితనం ఎక్కడికి పోతుంది!" అన్నాడు. లారీ ఆగింది. వేరే చెయ్యి లేదు కాబట్టి ఆగింది. రెండో గోనె తీసుకెళ్ళి కట్టతో సహా పెంటకుప్పలో పారేశాను.

ఆ కాలం ఆఖర్లో మామయ్య కొత్త ఇంటికి ప్రహరీ గోడ లేచింది. గేటు పక్కన ఒక గుంట తీయించి, అందులో బాగా బలిసిన అడవి నారింజ మొక్కని నాటించి, నన్ను పిలిచాడు.

"నా గుమ్మం ముందు చెట్టు నువ్వే కట్టాలి. వచ్చేవాడూ పోయేవాడూ చూడాలి. మన నర్సరీ అంటే ఏమిటో ఈ చెట్టే చెప్పాలి."

"చెప్తుంది మామయ్యా."

"తల్లి చెట్టుది తెచ్చావుగా రెమ్మ?"

"నీ నర్సరీలోదే" అన్నాను. అబద్ధం కాదు. కంచె కూడా నర్సరీలోదే.

ఆయన తాపీమేస్త్రీతో గేటు కొలత గురించి గొడవ పడుతుంటే నేను కూర్చుని కట్టాను. నా బతుకులో అంత శ్రద్ధగా ఏ అంటూ కట్టలేదు. విసురు లేదు, కోత అద్దంలా వచ్చింది. పురికొస ఎడమవైపుకి, చుట్టు మీద చుట్టు పడకుండా, మామూలుకన్నా కాస్త బిగించి చుట్టాను. గీత బాగా పడాలి. ఆఖరి ముడి వేస్తుంటే మామయ్య వచ్చి, వెనకనుంచి చూసి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి అంట్ల కాలానికీ వెళ్ళాను. ఒక్క పులుపు మొక్క కూడా నా చేతి మీదుగా బయటికి వెళ్ళలేదు. మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఆ చెట్టుని పలకరించేదాన్ని, ఎరువేసేదాన్ని, పురుగు పడితే ఏరేదాన్ని. "దానికి ఈ చెట్టంటే ప్రాణం" అని అత్తయ్య అందరికీ చెప్పుకునేది. ఇంట్లో నాన్న పెరట్లోనే తిరుగుతూ ముసలివాడవుతున్నాడు. కూరగాయ పాదులు తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే, "కళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగేవాళ్ళు. నేను ఒక్కో ఏడూ మింగుతూ కూర్చున్నాను.

నాలుగో ఏడు చెట్టు విరగ కాసింది. కొమ్మలకి కర్రలు ఊతం పెట్టాల్సొచ్చింది. రంగు చూస్తే ఎవరికైనా నోరూరాల్సిందే. మొదటి కాపు నలుగురి మధ్యా కొయ్యాలని మామయ్య తోటల వాళ్ళందరినీ పిలిచాడు. గొడుగాయన వచ్చాడు, గొడుగు కుర్చీకి తగిలించాడు. అమ్మ కొత్త చీర కట్టింది. నాన్న రానన్నాడు గానీ, అమ్మ కళ్ళలో నీళ్ళు చూసి వచ్చి, ఒక చివర కూర్చున్నాడు.

మామయ్య కాయలు కోయించి, తొక్క తీయించి, పళ్ళేలు తన చేత్తోనే తిప్పాడు. "మా మేనకోడలి చెయ్యి. తినండి, తిని చెప్పండి!"

మొదట గొడుగాయన నోట్లో పెట్టుకున్నాడు. మొహం మొత్తం ముడుచుకుపోయి, పక్కకి తిరిగి ఉమ్మాడు. ఆయన వెనక ఇంకొకరు. ఎవరో నవ్వారు. "నాకు చేసిందే నీకూ చేశారన్నమాట!" అన్నాడు గొడుగాయన, మూతి తుడుచుకుంటూ.

మామయ్య ఒక తొన నోట్లో పెట్టుకున్నాడు. ఆయన నమలడం ఆపి నా వైపు తిరగడం చూశాను. ఆ చూపు కోసమే నేను నాలుగేళ్ళు ఎరువు మోశాను. నేను కళ్ళు దించుకోలేదు.

"నువ్వు కావాలనే కట్టావు" అన్నాడు.

"నేనేనా? చేతి పొరపాటు ఎవరికి రాదు మామయ్యా? అయినా కట్టింది నేనేనని ఏమిటి? పనివాళ్ళెవరైనా కట్టారేమో."

ఆయనకి ఒళ్ళు తెలియలేదు. చెట్టు దగ్గరికి ఒక్క ఉరుకున వెళ్ళి, మాను మొదలు మీద అరచేత్తో చరిచాడు. "పనివాళ్ళా? ఇది చూడండి, అందరూ చూడండి! ఎడమ చుట్టు! ఈ లోకంలో ఎడమ చుట్టు చుట్టేది వీళ్ళ నాన్నా, ఇదీ తప్ప..."

అక్కడ ఆగిపోయాడు. చెయ్యి ఇంకా మాను మీదే ఉంది.

గొడుగాయన నెమ్మదిగా లేచి, వెళ్ళి వంగి, ఆ గీతలు వేలితో తడిమాడు. కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. తర్వాత కుర్చీకున్న గొడుగు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆయన తోట ఉన్న వైపే వెళ్ళాడు.

నాన్న మాత్రం తన పళ్ళెంలో ఉన్న తొనలన్నీ ఒక్కొక్కటిగా తిన్నాడు. మొహం చిట్లించలేదు. పళ్ళెం కింద పెట్టి లేచాడు.

దారిలో అమ్మ మాకంటే వెనక నడిచింది. మా వీధి మలుపులో ఆగి నాన్నని అడిగింది.

"గొడుగాయన చెట్లు మీరు కట్టినవి కాదా?"

"కాదు."

"మీకు తెలుసా?"

"తెలుసు."

"దీనికి?"

నాన్న నా వైపు చూశాడు.

"అయితే నా ఒక్కదానికే తెలియదు" అంది అమ్మ. "ఇన్నేళ్ళూ కూర పేరు చెప్పి మరీ వడ్డించాను. మీరిద్దరూ కూర్చుని నన్ను చూస్తూ తిన్నారు." చెప్పులు చేతిలోకి తీసుకుని మాకంటే ముందు నడిచి వెళ్ళిపోయింది. ఎందుకు తీసిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత అన్నయ్య గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఆయన పేరెత్తి ఏడవనూ లేదు. నాతో మాత్రం మామూలుగా మాట్లాడటానికి చాలా కాలం పట్టింది.

మర్నాడు పొద్దున్నే గొడుగాయన మా ఇంటికి వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే పెట్టి లోపలికి వచ్చాడు. నాన్నకి చేతులు జోడించబోతే నాన్న ఆ చేతులు పట్టుకుని దించేశాడు.

"గట్టు మీద చెట్లన్నీ చూశాను. ఒక్కటీ నీది కాదు. నేను నీకు అన్యాయం చేశాను."

"చేసింది మీరు కాదులెండి."

"తోటంతా మళ్ళీ వేయిస్తాను. కట్టి పెట్టు. నీ చెయ్యే కావాలి."

ఇన్నేళ్ళ తర్వాత నాన్న వెన్ను నిటారుగా నిలబడటం చూశాను. నా గుండె ఉప్పొంగింది, దాచుకోవడం ఎందుకు? గెలిచాను. నేనిచ్చిన మాట తప్పకుండా, మామయ్య నోటితోనే చెప్పించి గెలిచాను. లోపలికి పరిగెత్తి కత్తి తెచ్చి, "ఎప్పుడు మొదలుపెడదాం నాన్నా?" అన్నాను.

"నేను కడతాను" అన్నాడు గొడుగాయనతో. "నేనొక్కణ్ణే కడతాను."

ఆయన వెళ్ళేదాకా ఆగి అడిగాను. "ఒక్కడివే ఏమిటి? నా చేతికేమైంది?"

"ఆ చెట్టు పుల్లగా కాస్తుందని తెలిసే కట్టావుగా?"

"తెలిసే కట్టాను. నీ కోసం కట్టాను."

"వాడు తెలియక కట్టించాడా?"

నేను చేతిలోని కత్తి వైపు చూశాను.

"ఇంతవరకూ ఎడమ చుట్టున్న చెట్టుకి పులుపు లేదే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. చెయ్యి చాపాడు. అందులో కత్తి పెట్టాను. పిడి ఆయన అరచేతిలో ఎప్పటిలాగే ఇమిడిపోయింది.

పోయేదాకా నాన్న అంట్లు కట్టాడు. జనం మళ్ళీ "ఎడమచేతాయనేనా?" అని అడిగి కొన్నారు. నన్ను మాత్రం ఒక్క అంటు కట్టనివ్వలేదు, ఆయన పోయాక నేనూ కట్టలేదు. ఇప్పుడు పూల మొక్కలు పెంచి అమ్ముతున్నాను. గింజ వేస్తే మొలిచేవి, ఎవరి చేతి మీదా నమ్మకం అక్కర్లేనివి. మామయ్య నర్సరీ మూతపడింది. చేసినదానికి నాకు విచారం లేదు. మళ్ళీ ఆ గుంట పక్కన కూర్చోబెడితే మళ్ళీ అదే రెమ్మ కడతాను, ఇంకాస్త బిగించి.

ఆ చెట్టు ఇంకా ఉంది. కొట్టేస్తే ఎందుకు కొట్టేశావని అడుగుతారని కాబోలు, మామయ్య దాన్ని అలాగే ఉంచాడు. ఏటా విరగ కాస్తుంది, ఎవరూ కొయ్యరు, గేటు ముందంతా రాలి కుళ్ళుతుంది. కాపు రోజుల్లో నేను అటు వెళ్తాను. మామయ్య వరండాలో కూర్చుని చూస్తూనే ఉంటాడు. ఇద్దరం పలకరించుకోం. గోడ మీదుగా చెయ్యి చాపి ఒక కాయ కోసుకుని, తొక్క తీసి, అక్కడే ఆయన కళ్ళ ముందే నిలబడి మొత్తం తింటాను. ఎంత పుల్లగా ఉన్నా ఉమ్మను.